పదిహేనేళ్ల పిల్లలకు ఏ ఊరు క్షేమం?

ఇక్కడ నేను క్షేమం. అక్కడ మీరందరూ క్షేమమని తలుస్తాను.

గుడి బడిలో మాకు ఉత్తరం రాయడం నేర్పినప్పుడు మొదటి వాక్యం ఇదే. అర్థం ఆలోచించకుండా రాసేవాళ్లం. ఈ నెల ఆ మాట దగ్గరే ఆగిపోయాను. టోంగాట్ నుంచి ఒక పెద్దమ్మ నన్ను క్షేమం గురించే అడిగారు. ఆమె కొడుకుకు సొహార్ ఓడరేవు దగ్గర ఉద్యోగం వచ్చింది. కోడలు, పదహారేళ్ల మనవరాలు, పద్నాలుగేళ్ల మనవడు కూడా వస్తున్నారు. "అక్కడ రాత్రి తలుపు వేయకుండా పడుకోవచ్చంట కదమ్మా, తుపాకులు లేవంట కదా, ఇక పిల్లలకు భయం లేనట్టేనా?" అని ఆమె అడిగారు.

"మంచి చోటే పెద్దమ్మా, పంపండి" అన్నాను. అది నిజమే. కానీ ఫోన్లో అంతకన్నా ఎక్కువ చెప్పడానికి కుదరలేదు. ఇలాంటి ప్రశ్న మీలో చాలామంది మనసులో ఉంటుంది. మన పిల్లలు ఇప్పుడు గల్ఫ్‌కు వస్తున్నారు, ఆస్ట్రేలియాకు పోతున్నారు, కొందరు చదువుకు హైదరాబాదు, వెల్లూరు కూడా వెళ్తున్నారు. అందుకని మిగతా జవాబు ఇక్కడ రాస్తున్నాను. విషయం కొంచెం బరువైనది. టీ పక్కన పెట్టుకుని చదవండి.

ముందు ఒక మంచి మాట. మనిషి జీవితంలో చావు అందరికంటే దూరంగా ఉండేది ఈ వయసులోనే. పసితనపు జబ్బులు దాటిపోయి ఉంటాయి, ముసలితనపు జబ్బులు ఇంకా రావు. పదేళ్ల నుంచి పంతొమ్మిదేళ్ల దాకా ఉన్నవాళ్లలో ఎక్కడైనా చాలా కొద్దిమందే పోతారు. అయినా ప్రపంచం మొత్తం కలిపితే ఆ కొద్దిమందే 2015లో 12 లక్షలు. రోజుకు 3,000 మందికి పైన. 2017లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇచ్చిన లెక్క ఇది. అందులో మూడింట రెండు వంతులకు పైగా ఆఫ్రికాలోనూ, భారతదేశం ఉన్న ఆగ్నేయాసియాలోనూ ఉన్న పేద, మధ్యతరగతి దేశాల్లోనే. చాలా చావులు ఆపగలిగినవే అని కూడా ఆ సంస్థ రాసింది.

నేను లెక్కల టీచరును కాదు, ఇంగ్లీషు టీచరును. కానీ ఆ నివేదికలో నన్ను పట్టుకున్నది మొత్తం సంఖ్య కాదు. పిల్లలు ఎక్కడ దేనివల్ల పోతున్నారన్నది. ఆ సంస్థ లోకాన్ని ఆరు ప్రాంతాలుగా విభజించుకుంది. దక్షిణాఫ్రికా ఆఫ్రికా ప్రాంతంలో ఉంది. మన పెద్దలు ఓడ ఎక్కిన దేశం ఆగ్నేయాసియా ప్రాంతంలో ఉంది. నేను పని చేస్తున్న ఒమన్ "తూర్పు మధ్యధరా" ప్రాంతంలో ఉంది. మధ్యధరా సముద్రం ఇక్కడికి వేల కిలోమీటర్లు, పేరు మాత్రం అదే. అంటే మన కుటుంబాలు తిరిగే మూడు తీరాలు మూడు వేరువేరు పట్టికల్లో పడ్డాయి. మూడు పట్టికల్లోనూ మొదటి వరుసలో ఉన్న కారణం ఒకటి కాదు.

లోకం మొత్తం మీద రోడ్డు ప్రమాదాలే మొదటి కారణం. ఆ ఒక్క ఏడాదిలో సుమారు 1,15,000 మంది పిల్లలు రోడ్ల మీద పోయారు, ఎక్కువగా 15 నుంచి 19 ఏళ్ల మగపిల్లలు. ఆఫ్రికాలోని పేద దేశాల్లో మాత్రం రోడ్డును మించి హెచ్‌ఐవీ, ఊపిరితిత్తుల జబ్బులు, మెదడు వాపు, విరేచనాలు తీసుకుపోయాయి. ఆగ్నేయాసియాలో, యూరప్‌లో ఆత్మహత్య మొదటి రెండు కారణాల్లో ఒకటి. తూర్పు మధ్యధరా ప్రాంతంలో యుద్ధం. ఇక్కడ కొంచెం ఆగండి. ఒమన్‌లో యుద్ధం లేదు. కానీ సిరియా, యెమెన్, ఆఫ్ఘనిస్తాన్ ఇదే ప్రాంతంలో ఉన్నాయి. యెమెన్ అయితే పక్కింటి గోడ. ప్రాంతం మొత్తానికి ఒక్క సగటు తీస్తే సువైక్ పిల్లవాడు, యెమెన్ పిల్లవాడు ఒకే గడిలో పడతారు. అందుకే ప్రాంతం పేరు చూసి భయపడవద్దు, ధైర్యపడవద్దు. ఊరు చూడాలి.

మరి మా ఊరు. అల్ సువైక్ ఉత్తర బాతినా తీరంలో ఉంది, మస్కట్ నుంచి కారులో గంటన్నర దాకా ప్రయాణం. ఒక పక్క సముద్రం, చేపల పడవలు. ఇంకో పక్క ఖర్జూర తోటలు, వాటి వెనక కొండలు. మధ్యలో పాత బాతినా రోడ్డు. బర్కా, అల్ ముసన్నా, అల్ సువైక్, అల్ ఖాబూరా, సహమ్, సొహార్, ఈ ఊళ్లన్నీ ఆ రోడ్డుకు పూసల్లా గుచ్చి ఉన్నాయి. అంగడికి పోవాలన్నా ఆ రోడ్డే, బడికి పోవాలన్నా ఆ రోడ్డే, చుట్టాలింటికి పోవాలన్నా ఆ రోడ్డే.

1970లో ఈ దేశం మొత్తంలో మూడే బడులు ఉండేవి. అప్పట్లో పుట్టిన ప్రతి వెయ్యి మంది బిడ్డల్లో వందకు పైగా మొదటి పుట్టినరోజు చూడకుండా పోయేవారు. ఇప్పుడు ఆ సంఖ్య పదికి అటూ ఇటూ. టీకాలు, ఆసుపత్రులు, మంచినీళ్లు ఒక్క తరంలో వచ్చాయి. మా బడిలో అమ్మాయిల అమ్మమ్మలు తమ పోయిన బిడ్డల పేర్లు వేళ్లమీద లెక్కపెట్టి చెబుతారు. అమ్మలకు ఆ లెక్క ఉండదు. జబ్బులు అలా వెనక్కి తగ్గాక, పిల్లల ప్రాణం తీసేదిగా ముందుకు వచ్చి నిలబడింది కారు. డబ్బు వేగంగా వచ్చింది, రోడ్డు వేగంగా వచ్చింది, కారు ఇంకా వేగంగా వచ్చింది. రోడ్డు మీద మెలగడం మాత్రం ఒక్క తరంలో వచ్చే విద్య కాదు.

2012లో ఒమన్ రోడ్ల మీద 1,139 మంది పోయారు. దేశ జనాభా అప్పటికి నలభై లక్షలు కూడా లేదు. ఇది అన్ని వయసులవాళ్ల లెక్క. 2018కి అది 637కు దిగింది. ఇంత తక్కువ కాలంలో సగానికి దగ్గరగా దిగడం చిన్న విషయం కాదు. ఇక్కడి పత్రికలు దాని గురించి తగినంత గర్వంగా రాయలేదని నా అభిప్రాయం. 2016లో ట్రాఫిక్ చట్టం కఠినం చేశారు, జరిమానాలు పెంచారు, తర్వాత వెనక సీటులో కూర్చున్నవాళ్లకు కూడా బెల్టు తప్పనిసరి అయింది. కెమెరాలు ఎక్కడ చూసినా ఉన్నాయి. 2018లో కొండల వైపు బాతినా ఎక్స్‌ప్రెస్ వే మొత్తం తెరిచారు, సుమారు 270 కిలోమీటర్లు. పెద్ద లారీలు చాలావరకు అటు పోయాయి, ఊళ్ల మధ్య రోడ్డు కాస్త ఊపిరి పీల్చుకుంది.

మీరు పోల్చి చూసుకోవడానికి ఇంకో లెక్క. లక్ష మందికి ఎంతమంది రోడ్డు మీద పోయారు అని ప్రపంచ ఆరోగ్య సంస్థ వేసిన అంచనా. 2010లో ఒమన్‌కు 30.4. 2016లో 16.1. అదే 2016లో భారతదేశానికి 22.6, మారిషస్‌కు 13.7. మన దక్షిణాఫ్రికాకు 25.9. అవును, సరిగ్గానే చదివారు. పెద్దమ్మ మనవడు టోంగాట్ నుంచి ఇక్కడికి వస్తే రోడ్డు విషయంలో కూడా కొంచెం మెరుగైన చోటికే వస్తున్నాడు. తుపాకుల సంగతి వేరే చెప్పాలా!

అయినా నేను ఎందుకు భయపడుతున్నానో చెబుతాను.

నేను ఆడపిల్లల బడిలో పని చేస్తాను. ఇక్కడ ప్రభుత్వ బడుల్లో ఐదో తరగతి నుంచి ఆడపిల్లలు వేరు, మగపిల్లలు వేరు. కాబట్టి మగపిల్లల గురించి నాకు తెలిసేదంతా వాళ్ల చెల్లెళ్లు, అక్కలు చెప్పేదే. పదో తరగతికి "మా అన్నయ్య" అని వ్యాసం ఇస్తే ముప్పై మందిలో పది మంది కారు గురించే రాస్తారు. అన్నయ్యకు పదిహేనేళ్లు, తోటలో నాన్న పికప్ తోలతాడు. అన్నయ్యకు పదహారు, సముద్రం ఒడ్డున ఇసుకలో స్నేహితులతో కారు గిరగిరా తిప్పుతాడు. లైసెన్సుకు పద్దెనిమిదేళ్లు నిండాలి అని అందరికీ తెలుసు. తోటలో రోడ్డు మనదే కదా, సముద్రం ఒడ్డున పోలీసులు ఉండరు కదా అంటారు. కొత్త కార్లలో గంటకు 120 దాటితే టింగ్ టింగ్ అని గంట మోగుతుంది. ఒక అమ్మాయి రాసింది: ఆ గంట మోగితేనే మా అన్నయ్యకు పాట పాడాలనిపిస్తుంది అని. చక్కటి వాక్యం. వ్యాకరణం కూడా తప్పులేదు. దిద్దుతూ ఎర్ర పెన్ను పట్టుకుని కాసేపు అలాగే కూర్చున్నాను.

పోయిన సంవత్సరం మా బడిలో ఒక అమ్మాయి మూడు రోజులు రాలేదు. ఇక్కడ మరణం జరిగితే మూడు రోజులు అజా, చుట్టుపక్కల ఊళ్లన్నీ వచ్చి కూర్చుంటాయి. ఆమె అన్నకు పదిహేడేళ్లు. పెద్ద రోడ్డు కాదు, దాని పక్కన ఉండే చిన్న సర్వీసు రోడ్డు. కారు బోల్తా పడింది. ముందు సీట్లో బెల్టు పెట్టుకున్న స్నేహితుడు చెయ్యి విరిగి బతికాడు. తోలుతున్న ఈ అబ్బాయి బెల్టు వెనక వైపు నుంచి తగిలించి పెట్టాడు, గంట మోగకుండా. నాలుగో రోజు ఆ అమ్మాయి బడికి వచ్చి, హోంవర్కు ఏమిచ్చారు టీచర్ అని అడిగింది. నేను ఏమీ ఇవ్వలేదు అన్నాను.

మీకు బక్కీ గుర్తుందా? మన చిన్నప్పుడు వెనక తొట్టిలో పదిమందిమి కూర్చుని గుడికి పోయేవాళ్లం. 2017 మే నుంచి డబ్బు తీసుకుని బడిపిల్లలను అలా తొట్టిలో ఎక్కించుకోకూడదని దక్షిణాఫ్రికాలో నిబంధన ఉంది. ఇక్కడ పికప్ వెనక పిల్లలు నిలబడి గాలికి నవ్వుతూ పోవడం చూస్తే నాకు మన బక్కీనే కనబడుతుంది. ఆ నవ్వు అదే. కింద పడితే తగిలే రోడ్డు కూడా అదే.

రెండోది నీళ్లు. ఇక్కడ నది లేదు, వాదీ ఉంటుంది. సంవత్సరంలో ఎక్కువ రోజులు అది ఎండిన రాళ్ల దారి, పిల్లలు అందులో ఫుట్‌బాల్ ఆడతారు. ఎక్కడో కొండల్లో వాన పడితే, ఇక్కడ ఆకాశం నీలంగా ఉండగానే, నీళ్లు గోడలాగా వస్తాయి. 2024 ఏప్రిల్ 14న ఉత్తర షర్కియాలో సమద్ అల్ షాన్ దగ్గర బడిపిల్లలు ఉన్న వాహనాన్ని వరద కొట్టుకుపోయింది. సుమారు పది మంది పిల్లలు పోయారు. మరుసటి రోజు మా బడి లేదు. ఆ తర్వాత తెరిచిన రోజు హాజరు పిలుస్తుంటే ప్రతి పేరుకూ "హాజిర్" అన్న జవాబు కోసం ఎదురుచూశాను. పారుతున్న వాదీలోకి కావాలని కారు దించితే ఇక్కడ జైలు, జరిమానా రెండూ ఉన్నాయి. అయినా ప్రతి వానకూ ఎవరో ఒకరు దించుతారు, వెనక ఇంకొకరు ఫోన్లో వీడియో తీస్తారు.

2021 అక్టోబరు 3న షాహీన్ తుఫాను తీరం దాటింది సరిగ్గా అల్ ముసన్నాకూ మా సువైక్‌కూ మధ్యనే. ఆ రాత్రి సంగతి ఇక్కడ ఇప్పటికీ నిన్నటి మాటలాగా చెబుతారు. ముందు రోజు నుంచి హెచ్చరికలు ఉన్నాయి, తీరం దగ్గరి ఇళ్లు ఖాళీ చేయించారు, బడులు మూసేశారు. అంత పెద్ద తుఫానుకు పోయిన ప్రాణాలు అంత తక్కువ కావడానికి అదే కారణం అని నా నమ్మకం. తుఫాను చెప్పి వచ్చింది, వాదీ చెప్పకుండా వస్తుంది.

తెలుగువాళ్లకు ఈ రకం చావు కొత్త కాదు. 2014 జూన్ 8న హైదరాబాదు ఇంజినీరింగు విద్యార్థులు 24 మంది హిమాచల్ ప్రదేశ్‌లో బియాస్ నదిలో కొట్టుకుపోయారు. రాళ్ల మీద నిలబడి ఫోటోలు తీసుకుంటున్నారు. పైన లార్జీ ఆనకట్ట నుంచి నీళ్లు వదిలారు. వాళ్లూ నీళ్లు ఎక్కడి నుంచి వస్తాయో తెలియని కొత్త ఊళ్లో ఉన్నారు. మీ పిల్లలు కొత్త దేశం వచ్చినప్పుడు వాళ్లకు తెలియని మొదటి విషయం ఇదే. డర్బన్ పిల్లవాడికి సముద్రం తెలుసు, అలల లోపలి లాగుడు తెలుసు, సొరచేపల వలలు తెలుసు. ఎండిన వాదీకి భయపడాలని వాడికి ఎవరు చెబుతారు?

ఇక మన ఇంటి సంగతి. ఇది రాయకుండా ఇతరుల ఊళ్ల మీద రాయడం బాగుండదు.

2000 మార్చి 24న చాట్స్‌వర్త్‌లో థ్రాబ్ నైట్‌క్లబ్‌లో జరిగింది ఈ పత్రిక చదివే పెద్దవాళ్లెవరూ మరచిపోలేదు. బడి టర్ము అయిపోయిందని పగటిపూట పెట్టిన డాన్సుకు పోయారు. లోపల ఎవరో కన్నీటి వాయువు వదిలారు. తలుపుల దగ్గర తొక్కిసలాటలో 13 మంది పిల్లలు పోయారు. అప్పుడు నేను కూడా డర్బన్‌లో టీచరునే. ఇరవై రెండేళ్ల తర్వాత, 2022 జూన్ 26న, ఈస్ట్ లండన్‌లో ఎన్యోబేని అనే సారాకొట్టులో 21 మంది పిల్లలు పోయారు. చాలామంది పద్దెనిమిది నిండనివాళ్లే. ఊరు వేరు, రంగు వేరు. కథ ఒకటే: పిల్లలు ఉండకూడని గది, ఇరుకు తలుపు, వయసు అడగని పెద్దవాళ్లు. ఒమన్‌లో ఇలాంటి గది పిల్లలకు దొరకదు. అది ఈ దేశపు కట్టుబాటు. కొందరికి నచ్చదు, నాకు టీచరుగా నచ్చుతుంది.

హత్యల సంగతి. 2022 ఏప్రిల్ నుంచి 2023 మార్చి దాకా దక్షిణాఫ్రికాలో పోలీసులు లెక్కించిన హత్యలు 27,494. మగపిల్లలు పదహారు దాటగానే ఆ లెక్కలోకి నడిచి వెళ్తారు. ఇది మన దేశానికే పట్టిన శాపం కాదు. లాటిన్ అమెరికా, కరీబియన్ ప్రాంతంలో లోకంలోని పిల్లల్లో పదో వంతు కూడా లేరు. 2015లో హత్యకు గురైన టీనేజీ పిల్లల్లో సగానికి దగ్గర అక్కడివాళ్లే అని యూనిసెఫ్ 2017లో రాసింది.

హెచ్‌ఐవీ విషయంలో మాత్రం మన దగ్గర చెప్పుకోదగ్గ మార్పు వచ్చింది. 2000 జులైలో డర్బన్‌లో జరిగిన ఎయిడ్స్ సభలో పదకొండేళ్ల ఎన్కోసి జాన్సన్ మాట్లాడాడు. మరుసటి సంవత్సరం జూన్ 1న పోయాడు. అప్పట్లో అలా పుట్టిన పిల్లలు టీనేజీకి రావడమే అరుదు. 2004 నుంచి ప్రభుత్వ ఆసుపత్రుల్లో మందులు వచ్చాయి. ఇప్పుడు వాళ్లు పెద్ద తరగతుల్లో కూర్చుని మనకే ఎదురు చెబుతున్నారు.

చివరికి నాకు రాయడానికి కష్టమైన చోటుకు వచ్చాను.

మనలో ఎన్నో ఇళ్లలో పాత ఓడ కాగితం నకలు ఉంటుంది. పేరు, తండ్రి పేరు, వయసు, ఎత్తు, ఒంటి మీద మచ్చ, జిల్లా, ఊరు. 1860 నవంబరు 16న ట్రూరో ఓడ 342 మందితో డర్బన్ చేరింది మొదలు 1911 దాకా లక్షా యాభై రెండు వేల మందికి పైగా వచ్చారు, ఎక్కువమంది మద్రాసు నుంచి. ఆ కాగితాల్లో "ఉత్తర ఆర్కాటు" అనే జిల్లా పేరు మళ్లీ మళ్లీ కనబడుతుంది. ఇప్పటి వెల్లూరు, చిత్తూరులో చాలా భాగం అప్పుడు ఆ ఒక్క జిల్లానే.

ఆ వెల్లూరు దగ్గర కణియంబాడి అని ఒక బ్లాకు ఉంది, లక్షకు కొంచెం పైన జనం. అక్కడి క్రైస్తవ వైద్య కళాశాల డాక్టర్లు 1992 నుంచి 2001 దాకా ఊరూరా ప్రతి మరణాన్నీ రాసుకున్నారు. పోలీసు కాగితం చూసి కాదు. ఊరి ఆరోగ్య కార్యకర్త కబురు చెప్పడం, డాక్టరు ఇంటికి పోయి కూర్చుని ఏమి జరిగిందని అడగడం. 2004లో లాన్సెట్ పత్రికలో అచ్చయింది. పదేళ్ల నుంచి పంతొమ్మిదేళ్ల మగపిల్లల్లో లక్షకు 58 మంది, ఆడపిల్లల్లో లక్షకు 148 మంది తమ ప్రాణం తామే తీసుకున్నారు. ఆ వయసు ఆడపిల్లల చావుల్లో సగానికి పైగా ఇవే.

ఈ సంఖ్య మొదటిసారి చదివినప్పుడు అచ్చు తప్పేమో అనుకున్నాను. కాదు. 2012లో దేశమంతటి మీద చేసిన ఇంకో పెద్ద అధ్యయనం కూడా దక్షిణ రాష్ట్రాల్లోనే ఈ ప్రమాదం ఎక్కువని చెప్పింది. పోలీసు లెక్కల్లో ఇంత కనబడదు, ఎందుకంటే ఇళ్లవాళ్లు "కడుపునొప్పి" అని చెబుతారు. పరువు ఒకటి, పోలీసు భయం ఒకటి. ఆ దేశంలో ఆత్మహత్యకు ప్రయత్నించడం చాలాకాలం నేరం.

ఇప్పుడు చూడండి. ఒమన్‌లో చావు మగపిల్లవాడిని రోడ్డు మీద వెతుక్కుంటుంది. దక్షిణాఫ్రికాలో మగపిల్లవాడిని వీధిలో వెతుక్కుంటుంది. మన పెద్దల ఊళ్లో ఆడపిల్లను ఇంటి లోపలే వెతుక్కుంది. చాట్స్‌వర్త్ అమ్మాయి, కణియంబాడి అమ్మాయి ఒకే ముత్తవ్వకు మునిమనవరాళ్లు కావచ్చు. రక్తం ఒకటే. కాబట్టి ఇది రక్తంలో ఉన్నది కాదు. మా అవ్వ దేనికైనా "తలరాత" అనేది. అవ్వ మీద గౌరవంతోనే చెబుతున్నాను, తలరాత జిల్లాకొక రకంగా ఉండదు. శ్రీలంక అత్యంత విషపూరితమైన పురుగుమందులను ఒక్కొక్కటిగా నిషేధించింది, 1995 తర్వాత ఇరవై ఏళ్లలో అక్కడ ఆత్మహత్యల రేటు 70 శాతం దాకా పడిపోయింది. జనం మారలేదు, అంగట్లో దొరికే సీసా మారింది. ఇంకోవైపు మనలాగే ఒప్పందం మీద పోయినవాళ్ల పిల్లలు ఎక్కువగా ఉన్న గయానా, 2012 లెక్కల్లో లక్షకు 44.2తో లోకంలోనే మొదటి స్థానంలో నిలబడింది. అది అన్ని వయసుల లెక్క.

పరీక్షల సంగతి వేరే చెప్పాలి. 2019 ఏప్రిల్ 18న తెలంగాణలో ఇంటర్మీడియట్ ఫలితాలు వచ్చాయి. మూడు లక్షల మందికి పైగా తప్పారు. మార్కుల జాబితాల్లో పొరపాట్లు బయటపడ్డాయి, ప్రభుత్వం ముగ్గురు సభ్యుల కమిటీ వేసింది, తప్పినవాళ్లందరి పేపర్లు ఉచితంగా మళ్లీ చూడమంది. ఆ లోపల 20 మందికి పైగా పిల్లలు పోయారు. దేశం మొత్తంలో 2022లో విద్యార్థుల ఆత్మహత్యలు 13,044 అని అక్కడి నేర గణాంకాల సంస్థ లెక్క. ఏ ఒక్క పిల్లవాడి విషయంలోనూ ఒకే కారణం అని చెప్పలేం, చెప్పకూడదు. కానీ ముప్పై ఏళ్లుగా మార్కులు వేస్తున్నదాన్ని. ఆ కాగితం మీద రాసే అంకెకు మనం ఇచ్చే బరువు ఎంత ఎక్కువో నాకు తెలుసు. మెట్రిక్ ఫలితాల జనవరి రోజున మన ఇళ్లలో ఫోను మోగినప్పుడల్లా ఏమడుగుతామో గుర్తు చేసుకోండి. "ఎన్ని డిస్టింక్షన్లు?" భోంచేశావా అని అడిగేవాళ్లు తక్కువ. ఇక్కడి భారతీయ బడుల్లో తెలుగు పిల్లలు కొందరు నాకు తెలుసు. వాళ్ల అమ్మానాన్నలు మంచివాళ్లు, కష్టజీవులు, ప్రతి సాయంత్రం అదే ప్రశ్న అడుగుతారు.

పెద్దమ్మ అడిగినది క్షేమం గురించి కాబట్టి ఆమె కోడలికి నేను పంపిన మాటలే ఇక్కడ రాస్తాను. మీకూ పనికి రావచ్చు. వెనక సీట్లో కూడా బెల్టు, స్నేహితుల కారైనా సరే, బంధువుల కారైతే ఇంకా తప్పకుండా, ఎందుకంటే మొహమాటంతో పెట్టుకోం. పద్దెనిమిది నిండనివాడు తోలే కారు ఎక్కకూడదు, ఎంత దూరం నడవాల్సివచ్చినా ఇంటికి ఫోను చేస్తే తిట్టకుండా వచ్చి తీసుకుపోతామని ముందే చెప్పండి. ఆ "తిట్టకుండా" అన్నది ముఖ్యం. వాన మాట వినబడితే వాదీ వైపు పోవద్దు, ఇక్కడ వాన పడకపోయినా సరే. పెళ్లి సంబంధాల ముందు సికిల్ సెల్ రక్త పరీక్ష గురించి ఇక్కడ చాలా వింటారు, ఒమనీల్లో నూటికి ఆరుగురు దాకా దాని వాహకులు. మీ పిల్లలకు ఇప్పుడే సంబంధం లేదు, కంగారుపడకండి.

పదహారేళ్ల మనవరాలి గురించి పెద్దమ్మ ఏమీ అడగలేదు. తలుపులు, తుపాకులు అన్నీ మనవడి కోసమే. కాబట్టి ఇది నేనే కలుపుతున్నాను. స్నేహితులందరినీ వదిలి, మధ్యలో బడి మారి, భాష రాని ఊరికి వచ్చే ఆడపిల్ల మొదటి ఆరు నెలలు చాలా నిశ్శబ్దంగా ఉంటుంది. బుద్ధిమంతురాలు అని మెచ్చుకుని వదిలేయకండి. రాత్రి నిద్ర పోతున్నదా, అన్నం తింటున్నదా, ఎవరితోనైనా నవ్వుతున్నదా చూడండి. బాధగా ఉందా అని నేరుగా అడగవచ్చు. చచ్చిపోవాలని అనిపిస్తోందా అని కూడా అడగవచ్చు. అడిగితే ఆ ఆలోచన పుడుతుందని మన పెద్దల భయం. అలా పుట్టదు, అడిగితే బరువు దిగుతుంది.

దక్షిణాఫ్రికాలో ఏ వేళప్పుడైనా మాట్లాడడానికి ఉచిత నంబరు 0800 567 567. భారతదేశంలో చదువుతున్న పిల్లలకు టెలీ మానస్, 14416, తెలుగులో కూడా మాట్లాడతారు. రెండూ పిల్లల ఫోన్లలో మీరే ఎక్కించి పెట్టండి. వాళ్ల కోసం కాకపోతే, వాళ్ల స్నేహితుల కోసం.

వచ్చే నెల సువైక్ చేపల సంత గురించి రాస్తాను. సొరచేప ఎండుముక్కలు ఇక్కడా దొరుకుతాయి, మా అవ్వ చేసే పులుసులో వేసి చూశాను.